కాళ్లున్న జెట్లు, వాటి పుస్తకాల పిచ్చి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన సంచికలో జపాన్ యానిమేలోని రోబోగా మారే యుద్ధవిమానాల గురించి, ముఖ్యంగా మాక్రోస్ అనే సీరియళ్లు, సినిమాల వరుసలో వచ్చే వాల్కిరీ విమానాల గురించి అర పేజీ రాశాం. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేసి, మిగిలినవాటికి వీలైనంత సూటిగా జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాక్రోస్ ఫ్రాంటియర్ చూసినప్పటి నుంచి అందులోని వీఎఫ్-25 అనే వాల్కిరీ మీద మనసు పారేసుకున్నాను. దాని పుస్తకం కొందామని వెతికితే పదుల కొద్దీ పేర్లు కనిపిస్తున్నాయి. మొదట ఏది కొనాలి?

జవాబు: ముందు మీరు చెప్పండి, ఆ పుస్తకంతో ఏం చేస్తారు? బొమ్మలు గీస్తారా, ప్లాస్టిక్ మోడల్ కడతారా, లేక పడుకునే ముందు నాలుగు పేజీలు తిప్పుకుని మురిసిపోవడానికా? ఇది తేల్చుకోకుండా కొంటే డబ్బులు పోతాయి, మీకు కావలసింది మాత్రం అందులో ఉండదు.

ఈ పుస్తకాలు స్థూలంగా మూడు రకాలు. మొదటిది డిజైన్ డ్రాయింగుల పుస్తకం. యానిమేటర్లు అందరూ ఒకే విమానాన్ని ఒకేలా గీయడానికి డిజైనర్ ఇచ్చే గీతల బొమ్మలుంటాయే, జపాన్‌లో వాటిని సెట్టెయి అంటారు, అవన్నీ ఒకచోట పోగేసి అచ్చేస్తారు. రంగులుండవు, ఆర్భాటం ఉండదు, కానీ మోకాలు ఎక్కడ మడుస్తుందో, చక్రాల తలుపు ఎటు తెరుచుకుంటుందో, సీటు వెనక ఏముందో అన్నీ అక్కడే దొరుకుతాయి. బొమ్మలు గీసేవాళ్లు వేరేది చూడక్కర్లేదు.

రెండోది విజ్ఞానసర్వస్వం లాంటిది, విడతల వారీగా వచ్చేది. 2008 నుంచి 2010 దాకా 50 సంచికలుగా వచ్చిన మాక్రోస్ క్రానికల్ ఈ కోవలోది. విమానాలు, మనుషులు, ఓడలు, ఎపిసోడ్లు, ఒక్కోదానికి ఒక్కో షీటు, వాటిని మనమే విప్పి వర్గాల వారీగా ఫైల్లో పెట్టుకోవాలి. సమాచారం కొండంత. చిక్కేంటంటే, పాత సెట్ కొన్నప్పుడు అందులో షీట్లన్నీ ఉన్నాయో లేదో అమ్మేవాడికే తెలియదు.

మూడోది, మీలాంటివాళ్లని బుట్టలో పడేసేది, వేరియబుల్ ఫైటర్ మాస్టర్ ఫైల్ సిరీస్. ఇప్పటి ఎస్‌బీ క్రియేటివ్ వాళ్లు 2009లో వీఎఫ్-1తో, అంటే మొదటి సీరియల్లోని వాల్కిరీతో మొదలుపెట్టారు. ఇది యానిమే పుస్తకంలా ఉండదు, నిజంగా వాయుసేనలో పనిచేసిన విమానం గురించి ఎవరో విమానాల పండితుడు రాసినట్టుంటుంది. ఎందుకు తయారైంది, ప్రోటోటైపులో ఏ లోపాలొచ్చాయి, ఏ స్క్వాడ్రన్‌కి ఏ రంగు, ఇంజిన్ ఎలా మార్చారు, ఇలా పేజీల కొద్దీ. బొమ్మలు కూడా ఫోటోల్లా కనిపించే కంప్యూటర్ గ్రాఫిక్స్. సినిమాలోని సీన్లు, పాత్రలు దాదాపు ఉండవు కాబట్టి హీరో బొమ్మ కోసం కొంటే నిరాశపడతారు. వీఎఫ్-25కి ఈ సిరీస్‌లో విడిగా పుస్తకం ఉంది. మీ ఉత్తరం చదివితే మీకు కావలసింది అదేననిపిస్తోంది, కొనేయండి.

ప్రశ్న: వీఎఫ్-1 అచ్చం అమెరికా నౌకాదళం నడిపిన ఎఫ్-14 టామ్‌క్యాట్‌లా ఉందని అందరూ అంటారు. మరి నిజంగా తయారుచేస్తే ఎగురుతుందా?

జవాబు: పోలిక దాచిపెట్టిన విషయమేమీ కాదు. ముందుకీ వెనక్కీ కదిలే రెక్కలు, దూరదూరంగా పెట్టిన రెండు ఇంజిన్లు, రెండు నిలువు తోకలు, అన్నీ టామ్‌క్యాట్ నుంచి వచ్చినవే. మాక్రోస్ మొదటి సీరియల్ 1982 అక్టోబర్ 3న మొదలైంది, అప్పటికి వాల్కిరీ డిజైనర్ షోజీ కవామోరి వయసు 22. కజుతకా మియతకేతో కలిసి యంత్రాల డిజైన్ చేశాడు.

కానీ రెండింటినీ పక్కపక్కన నిలబెడితే తేడా తెలుస్తుంది. ఎఫ్-14 పొడవు సుమారు 19.1 మీటర్లు. వీఎఫ్-1 పొడవు 14.23 మీటర్లే, దాదాపు అయిదు మీటర్లు తక్కువ. ఎందుకంత బుల్లి విమానం? కథలో శత్రువులైన జెంట్రాడీలు సుమారు పది మీటర్ల ఎత్తుండే మనుషులు, వాళ్లతో కలబడి కొట్లాడాలి కాబట్టి రోబో ఎత్తు 12.68 మీటర్ల దగ్గర ఆగింది. అదే నిష్పత్తిలో ఎఫ్-14 అంత విమానాన్ని మడిచి నిలబెడితే రోబో 17 మీటర్లవుతుంది. అంటే ఇక్కడ రోబో ఎత్తును బట్టి విమానం సైజు కుదిరిందన్నమాట.

ఇక ఇంధనం సంగతి. ఎఫ్-14 లోపల ఏడు టన్నులకు పైగా ఇంధనం పడుతుంది. వీఎఫ్-1లో రెక్కలు పల్చన, కాళ్ల నిండా ఇంజిన్లు, పొట్ట కింద మడిచిన చేతులు. ట్యాంకు పెట్టడానికి చోటేది? అందుకే కథలో దానికి థర్మోన్యూక్లియర్ రియాక్షన్ ఇంజిన్ ఇచ్చారు. గాలి ఉన్నచోట ఆ గాలినే లోపలికి పీల్చి, వేడెక్కించి వెనక్కి తోస్తుంది కాబట్టి ట్యాంకుల బాధ లేదు. అంతరిక్షంలోకి వెళ్లగానే తోయడానికి గాలి ఉండదు, వెనక్కి చిమ్మే పదార్థాన్ని వెంట మోసుకెళ్లాలి, వీపు మీదా కాళ్ల మీదా తగిలించే ఆ పెద్ద బూస్టర్లు అందుకే వచ్చాయి. ఇక్కడ నాకు బాగా నచ్చే సంగతొకటుంది. 2002లో వచ్చిన మాక్రోస్ జీరోలో వీఎఫ్-0 అనే ముందుతరం విమానాన్ని చూపించారు. ఈ కొత్త ఇంజిన్ సకాలంలో తయారుకాక మామూలు జెట్ ఇంజిన్లతో సరిపెట్టిన విమానమది. చూస్తే పొడవు 18 మీటర్లు దాటుతుంది! ఇంధనం మోయాలి కాబట్టి పెద్దదైంది. ఇరవై ఏళ్ల కిందటి డిజైన్ ఎందుకంత చిన్నగా ఉందో కొత్త డిజైన్ గీసి జవాబు చెప్పారు. రిఫరెన్స్ పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే వచ్చే మజా ఇదే.

ఎగురుతుందా అన్న అసలు ప్రశ్నకి వస్తే, ఎగరదనే నా అభిప్రాయం. ఇంజిన్ మాట పక్కన పెట్టినా నడుము ఆగదు. ఎఫ్-14లో రెక్కల బరువంతా మోసేది మధ్యలో ఉన్న టైటానియం పెట్టె. ఎలక్ట్రాన్ బీమ్‌తో వెల్డింగ్ చేసిన, మొత్తం విమానంలోకెల్లా గట్టి భాగమది. వీఎఫ్-1లో సరిగ్గా ఆ చోటే మడతలన్నీ పెట్టారు. ముక్కు అక్కడే కిందకి వంగుతుంది, కాళ్లు అక్కడి నుంచే విడిపోతాయి, వీపు అక్కడే తిరుగుతుంది. రోబోగా ఉన్నప్పుడు ఇంజిన్ నుంచి మిగిలిన శక్తితో కవచం గట్టిపడుతుందని, దాన్ని ఎనర్జీ కన్వర్షన్ ఆర్మర్ అంటారని కథ సర్దిచెబుతుంది. మరి విమానంగా ఉండి గట్టి మలుపు తిరిగినప్పుడు ఆ మడతలు ఎలా తట్టుకుంటాయో మాత్రం అడగకూడదు.

ప్రశ్న: వీఎఫ్-1ఎ, 1జె, 1ఎస్ తేడా ఎలా తెలుసుకోవాలి?

జవాబు: తల చూడండి. తల మీది లేజర్ తుపాకులు ఒకటైతే ఎ, రెండైతే జె, నాలుగైతే ఎస్. ఇద్దరు కూర్చునే డి రకానికీ రెండే ఉంటాయి, కానీ దాని కాక్‌పిట్ పొడుగు చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. విమానంగా ఉన్నప్పుడు తల పొట్ట కింద ఉంటుంది కాబట్టి పైనుంచి తీసిన బొమ్మలో వెతికి లాభం లేదు.

ప్రశ్న: వాల్కిరీ చేత్తో పట్టుకునే ఆ గన్ పాడ్ తుపాకీతో ఎపిసోడ్ అంతా కాలుస్తూనే ఉంటారు. అన్ని తూటాలు ఎక్కడివి?

జవాబు: లేవు. పుస్తకాల లెక్క ప్రకారం ఆ గన్ పాడ్, పేరు జీయూ-11, 55 మిల్లీమీటర్ల మూడు గొట్టాల తుపాకీ, అందులో పట్టేది 200 తూటాలు, నిమిషానికి 1200 కాలుస్తుంది. మీట నొక్కి పట్టుకుంటే పది సెకన్లలో ఖాళీ. ఇది చూసి నవ్వుకోవాలనిపిస్తుంది గానీ నిజం విమానాల పరిస్థితీ అంతే. ఎఫ్-14లోని 20 మిల్లీమీటర్ల తుపాకీకి సుమారు 675 తూటాలు, నిమిషానికి 6000 చొప్పున కాలిస్తే ఏడు సెకన్లు కూడా రావు. నిజం పైలట్లు అర సెకను, సెకను చొప్పున కాలుస్తారు. కాబట్టి పుస్తకం రాసినవాళ్లు తప్పు చేయలేదు, సీన్ తీసినవాళ్లు లెక్క చూసుకోలేదు. చూసుకోకపోవడమే మంచిదైంది లెండి, లేకపోతే యానిమేటర్ ఇచిరో ఇతానో చేతి మీదుగా వచ్చిన ఆ మిస్సైళ్ల జాతర కూడా ఉండేది కాదు. ఒక్క విమానం మీదికి పొగ తోకలతో మెలికలు తిరుగుతూ వందల మిస్సైళ్లు రావడం, కెమెరా వాటి మధ్యలోంచి దూసుకెళ్లడం, దాన్నే ఇతానో సర్కస్ అంటారు. ఏ విమానానికి అన్ని మిస్సైళ్లు పడతాయో ఏ పుస్తకమూ లెక్కగట్టదు.

ప్రశ్న: ఒక పుస్తకంలో ఒక అంకె, ఇంకోదాంట్లో ఇంకో అంకె. సీరియల్లో హీరో విమానం 1జె, సినిమాలో వేరే. ఏది అధికారికం? మా ఫ్రెండ్‌తో ఈ విషయమ్మీద మాటలు కూడా ఆగిపోయాయి.

జవాబు: ఫ్రెండ్‌కి ఫోన్ చేయండి, ఇద్దరూ కరెక్టే.

ఇది మాక్రోస్‌లో కావాలని వదిలిన సందు. కవామోరి చాలాకాలంగా చెబుతున్న మాటేంటంటే, అసలు మాక్రోస్ చరిత్ర ఒకటి వేరే ఉందనుకోండి, మనం చూసే ప్రతి సీరియలూ సినిమా ఆ చరిత్ర ఆధారంగా తీసిన నాటకాలే. 1984 జులైలో వచ్చిన సినిమా ఇందుకు మంచి ఉదాహరణ. కాక్‌పిట్, పైలట్ డ్రెస్, శత్రువుల ఓడలు అన్నీ కొత్తగా గీశారు, సీరియల్‌తో పొంతన కుదరదు. తరువాత మాక్రోస్ ప్రపంచంలోనే ఆ సినిమాని ఒక సినిమాగా చూపించి, అక్కడి జనం థియేటర్‌కెళ్లి చూసే చారిత్రక చిత్రంగా లెక్కలో కలిపేసుకున్నారు. తెలివైన తప్పించుకోలు, ఒప్పుకోవాల్సిందే.

మాస్టర్ ఫైల్ పుస్తకాలు ఇంకో అడుగు ముందుకేసి, ఇందులో ఉన్నది అధికారిక సమాచారం కాదని తామే అచ్చేసి మరీ చెబుతాయి. ఇది చూసి కొందరు కలెక్టర్లు మొహం ముడుచుకుంటారు, అధికారికం కానిదానికి అంత డబ్బెందుకని. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. అధికారికమైన సమాచారం తీసుకుంటే ఒక్కో విమానానికి రెండు మూడు పేజీలకు మించదు, దాన్ని నిండు పుస్తకం చేయాలంటే ఎవరో ఒకరు కల్పించాలి. ఆ కల్పన ఎంత ఓపిగ్గా చేశారన్నదే చూడాలి. ఒక విమానం చక్రం తలుపు ఆకారం ఎందుకు మార్చారో చెప్పడానికి మెయింటెనెన్స్ సిబ్బంది పడ్డ ఇబ్బందులతో ఓ పేరా అల్లినవాళ్ల మీద నాకు గౌరవమే. వాదనలు గెలవడానికి మాత్రం ఆ పుస్తకాలు పనికిరావు, వాటికి డిజైన్ డ్రాయింగులూ, ఎపిసోడ్లూ చూపించాలి.

ప్రశ్న: జపనీస్ ఒక్క ముక్క రాదు. కొంటే దండగేనా?

జవాబు: డ్రాయింగుల పుస్తకమైతే దండగ కాదు, అందులో చదవాల్సింది తక్కువ. మాస్టర్ ఫైల్ అయితే సగం సరుకు అక్షరాల్లో ఉంటుంది. ఫోన్ కెమెరాతో అనువదించుకోవచ్చు, అర్థం మోస్తరుగా తెలుస్తుంది, కానీ పేర్ల దగ్గర అది ఘోరంగా దెబ్బతింటుంది, స్క్వాడ్రన్ పేరును కూరగాయగా మార్చేసినా ఆశ్చర్యపోవద్దు. ఒక పని చేయండి. విదేశీ పేర్లు, సాంకేతిక పదాలు రాసే కటకానా లిపి నేర్చుకోండి. ప్రాథమిక అక్షరాలు 46, కొన్ని వారాల్లో వచ్చేస్తుంది. ఇంజిన్, మిస్సైల్, కాక్‌పిట్, ఫైటర్, బాట్రాయిడ్ (వాల్కిరీ రోబో రూపం) అన్నీ దాంట్లోనే ఉంటాయి కాబట్టి బొమ్మ కింద ఉన్న వ్యాఖ్యల్లో సగం మీరే చదివేసుకోవచ్చు. ఇంగ్లిష్‌లోనే కావాలంటే రోబోటెక్ (మొదటి మాక్రోస్‌ని కలుపుకున్న అమెరికా సీరియల్) పేరుతో ఉడన్ అనే ప్రచురణ సంస్థ వేసిన విజువల్ ఆర్కైవ్ ఉంది, మొదటి సీరియల్ డ్రాయింగులు అందులో దొరుకుతాయి. తరువాతి మాక్రోస్‌లు అందులో ఉండవు.

ప్రశ్న: రోబోటెక్, మాక్రోస్ ఒకటేనా? మా మామయ్య దగ్గర ఉన్న ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మ కూడా వాల్కిరీలాగే ఉంది, నకిలీదా?

జవాబు: 1985లో అమెరికాలో హార్మొనీ గోల్డ్ అనే సంస్థ మాక్రోస్‌ని, దానితో సంబంధం లేని ఇంకో రెండు సీరియళ్లని కలిపి కుట్టి ఒకే కథగా చేసింది, అదే రోబోటెక్. హక్కుల గొడవ వల్ల తరువాతి మాక్రోస్‌లు జపాన్ దాటి సరిగ్గా రాలేదు. పుస్తకాలు కూడా అందుకే జపాన్‌లోనే ఉండిపోయాయి. 2021 ఏప్రిల్‌లో జపాన్‌లో మాక్రోస్ హక్కులున్న బిగ్‌వెస్ట్, హార్మొనీ గోల్డ్ ఒప్పందానికొచ్చాకే తలుపులు తెరుచుకున్నాయి.

మీ మామయ్యది నకిలీ అనుకోవద్దు, జాగ్రత్తగా దాచమనండి. వీఎఫ్-1 బొమ్మని మొదట తయారుచేసింది తకతోకు అనే కంపెనీ, 1/55 సైజులో. 1984లో అది దివాలా తీసింది. ఆ అచ్చులతో చేసిన బొమ్మనే ట్రాన్స్‌ఫార్మర్స్ అమ్మే హాస్‌బ్రో కంపెనీ 1985లో జెట్‌ఫైర్ పేరుతో అమ్మింది. మిగతా ట్రాన్స్‌ఫార్మర్స్ రోబోల్లో కనపడని అంత శుద్ధమైన విమానం ఆకారం దానికి ఎలా వచ్చిందో ఇప్పుడర్థమైందిగా.

ప్రశ్న: ముద్రణ ఆగిపోయిన పుస్తకాలు జపాన్ నుంచి పాతవి తెప్పించుకోవాలంటే ఏం చూసుకోవాలి? చాలా టెన్షన్‌గా ఉంది, మొదటిసారి కొంటున్నాను.

జవాబు: టెన్షన్ పడేంత లేదు, జపాన్‌లో పాత పుస్తకాలమ్మేవాళ్లు ఉన్న లోపాలన్నీ ముందే ఏకరువు పెడతారు, మనం చదవకపోవడమే సమస్య.

మందరకే, సురుగయా లాంటి పేరున్న దుకాణాలతో మొదలుపెట్టండి. వేలం సైట్లలో నేరుగా విదేశాలకి పంపనివాళ్లే ఎక్కువ, మధ్యలో ప్రాక్సీ సేవ పెట్టుకోవాలి. ప్రాక్సీ అంటే అక్కడి చిరునామాకి తెప్పించుకుని, మన తరఫున డబ్బు కట్టి, మనకి పంపేవాళ్లు. వీళ్ల దగ్గర లాభం ఏంటంటే నాలుగు చోట్ల కొన్నవి ఒకే పెట్టెలో కలిపి పంపిస్తారు. ఈ పుస్తకాలు మంచి ఆర్ట్ పేపరు మీద అచ్చవుతాయి కాబట్టి బరువెక్కువ. ఒక్కో పుస్తకానికి విడిగా షిప్పింగ్ కట్టారంటే పుస్తకం కన్నా దానికే ఎక్కువవుతుంది. ఓడలో పంపితే చవక, నెలలు పట్టొచ్చు. మీ దగ్గర దిగుమతి సుంకం ఎంతో కూడా ముందే చూసుకోండి.

వివరాల్లో నాలుగు విషయాలు వెతకండి. మొదటిది ఓబి, కవర్ చుట్టూ కట్టే సన్నటి కాగితం పట్టీ. చదువుకోవడానికి అది అక్కర్లేదు, కలెక్టర్లకి మాత్రం ప్రాణం, ధరలో తేడా దానివల్లే వస్తుంది. మీరు చదువరులైతే ఓబి లేని కాపీ కొనుక్కుని హాయిగా ఉండండి. రెండోది, మడత పేజీలూ పోస్టరూ ఉన్నాయా లేదా. 1980ల నాటి పుస్తకాల్లో పోస్టర్ చింపి గోడకంటించేసిన కాపీలే ఎక్కువ. మూడోది వెన్ను రంగు, ఎండకి వెలిసిపోతే ఫోటోలో ముందు కవరు బాగానే కనిపిస్తుంది కాబట్టి వెన్ను ఫోటో అడగండి. నాలుగోది సిగరెట్ వాసన. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, ఆర్ట్ పేపర్లోంచి అది ఏళ్లు గడిచినా పోదు.

ఏ ముద్రణో తెలుసుకోవాలంటే ఆఖరి పేజీలో ప్రచురణ వివరాలుంటాయి. అక్కడ సంవత్సరం చాలాసార్లు చక్రవర్తి పాలన లెక్కలో ఉంటుంది. షోవా సంవత్సరానికి 1925 కలపండి, హెయిసెయికి 1988, రెయివాకి 2018. షోవా 59 అని ఉందంటే 1984, సినిమా వచ్చిన ఏడు. ఆ తేదీ పక్కనే ఎన్నో ముద్రణో అంకె వేస్తారు, ఆ పేజీ ఫోటో ఒక్కటి చేతికొస్తే మోసపోయే అవకాశం చాలా తగ్గుతుంది.

ధర గురించి నా సలహా ఒక్కటే, ఆగండి. కొత్త సీరియల్ వస్తోందంటేనో, ఆ విమానం బొమ్మ మళ్లీ మార్కెట్లోకి వస్తోందంటేనో పాత పుస్తకం ధర ఎగబాకుతుంది, సందడి తగ్గాక దిగొస్తుంది. వేలంలో ఇంకొకడి మీద పంతానికి పోయి కొన్నది ఎప్పుడూ ఎక్కువ ధరే.

ప్రశ్న: కొన్న పుస్తకాలు పేజీలు ఊడిపోతున్నాయి. ఎలా దాచాలి?

జవాబు: చాలా పుస్తకాలకి కుట్టు ఉండదు, జిగురుతో అంటించినవే. పాత జిగురు పెళుసెక్కుతుంది, 180 డిగ్రీలు తెరిచి బల్ల మీద అదిమారంటే పటుక్కుమంటుంది. రెండు వైపులా ఏదైనా ఆనించి సగమే తెరిచి చదవండి. స్కానర్ మీద బోర్లించి నొక్కొద్దు. అరలో మరీ వదులుగా పెట్టకండి, వాలిపోయి వెన్ను వంకరవుతుంది. మరీ ఇరికించొద్దు, లాగేటప్పుడు పై అంచు చిరుగుతుంది. తేమ ఎక్కువైతే ఆర్ట్ పేపర్ పేజీలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఒకసారి అతుక్కుంటే బాగుచేసే దారి లేదు, సిలికా జెల్ పొట్లాలు పెట్టి ఎప్పటికప్పుడు మారుస్తుండండి. ఊడిన పేజీకి మామూలు సెల్లో టేప్ అస్సలు వద్దు, పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది.

ప్రశ్న: ఎవరో స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు దొరుకుతున్నాయి. లింక్ ఇస్తారా?

జవాబు: ఇవ్వం.

ప్రశ్న: మాక్రోస్ ప్లస్‌లోని వైఎఫ్-19, వైఎఫ్-21లలో ఏది గొప్ప?

జవాబు: ఈ ప్రశ్న పదకొండు మంది అడిగారు, అంటే పదకొండు మంది జవాబు ముందే రెడీగా పెట్టుకున్నారన్నమాట.

ఈ రెండు ప్రయోగ విమానాలు సైన్యంలో చోటు కోసం పోటీపడే ఈ కథ 1994లో వచ్చింది, దీనికి నిజం పోటీల వాసన బాగా తగిలింది. అమెరికా వాయుసేన కొత్త ఫైటర్ కోసం వైఎఫ్-22, వైఎఫ్-23 అనే రెంటిని పోటీకి పెట్టి 1991 ఏప్రిల్‌లో మొదటిదాన్ని ఎంచుకుంది. ఓడిపోయిన వైఎఫ్-23 బల్లపరుపు ఒళ్లు, వాలుగా విచ్చుకున్న తోకలు చూసి తరువాత వైఎఫ్-21ని చూడండి, రక్తసంబంధం దాగదు. వైఎఫ్-19కి ముందుకి వాలిన రెక్కలు. అలాంటి రెక్కలతో ఎక్స్-29 అనే ప్రయోగ విమానం 1984లోనే ఎగిరింది. గాలి ఒత్తిడికి ఆ రెక్కల కొసలు ఇంకా ఇంకా మెలితిరిగి విరిగిపోయే ప్రమాదం ఉంటుంది, కాంపోజిట్ పొరల్ని ఓ ప్రత్యేకమైన దిశలో పేర్చి దాన్ని అదుపులో పెట్టారు. అలాంటి రెక్కలే ఉన్న రష్యావాళ్ల ఎస్‌యూ-47 ఎగిరింది 1997లో, అంటే వైఎఫ్-19 తెర మీదికొచ్చిన తరువాతే.

కథ ప్రకారం సైన్యంలోకి ప్రధానంగా వెళ్లింది 19, 21 మాత్రం వీఎఫ్-22గా మారి కొద్ది సంఖ్యలో తయారైంది. నా ఓటు 21కే. ఆలోచనతో నడిపే విమానం, పైలట్ మనసు చెదిరితే విమానమూ చెదురుతుంది. కథకి అంతకన్నా మంచి యంత్రం దొరకదు. ఆ రెండిటినీ పక్కకి నెట్టేసింది మనిషి లేని ఘోస్ట్ అన్నది మర్చిపోకండి, 1994లో.

ప్రశ్న: రోబోగా మారని విమానాల గురించి ఇక్కడ అడగొచ్చా? నాకు యుకికజే అంటే ఇష్టం.

జవాబు: నిక్షేపంగా. చొహెయి కంబయాషి 1984లో రాసిన నవల, 2002 నుంచి 2005 దాకా గొంజో స్టూడియో వాళ్లు యానిమే చేశారు. అందులోని సూపర్ సిల్ఫ్, ఆ తరువాత వచ్చే మేవ్ అనే విమానాలు రోబోగా మారవు, మాట్లాడవు, కానీ వాటిలోని కంప్యూటర్‌కి సొంత ఆలోచన ఉందేమోనన్న అనుమానం కథంతా వెంటాడుతుంది. డిజైన్లు ఇకుతో యమషితవి. మేవ్ ఆకారం మొదటిసారి చూస్తే ఏది ముందో ఏది వెనకో తేల్చుకోవడానికి కాసేపు పడుతుంది. నవల ముందు చదివి యానిమే తరువాత చూడండి, ఆ విమానం బొమ్మ పక్కన పెట్టుకుని చదివితే ఇంకా బాగుంటుంది.

ప్రశ్న: మొదటి మాక్రోస్‌లోని పైలట్ రాయ్ ఫోకర్ విమానం తోక మీద పుర్రె, ఎముకల గుర్తు నిజం సైన్యంలో చూసినట్టుంది.

జవాబు: చూసే ఉంటారు. అమెరికా నౌకాదళంలో వీఎఫ్-84 స్క్వాడ్రన్, జాలీ రోజర్స్. నల్లటి తోకల మీద అదే గుర్తుతో ఎఫ్-14లు నడిపారు. 1995లో ఆ దళాన్ని రద్దు చేశాక పేరూ గుర్తూ వీఎఫ్-103 తీసుకుంది.

ప్రశ్న: మా పాపకి ఈ విమానాలు గీయడం పిచ్చి. రోబో బాగా గీస్తుంది, విమానం బాగా గీస్తుంది, మధ్యలో మారడం గీయలేక ఏడుస్తోంది. ఏ పుస్తకం కొనాలి?

జవాబు: ఇంకా ఏదీ కొనొద్దు, ఇంట్లో లెగో ముక్కలుంటే తీసివ్వండి. కవామోరి మారే యంత్రాల్ని ఆలోచించేటప్పుడు లెగోతో కట్టి చూసుకుంటాడు. కాగితం మీద ఏ కీలైనా తిరుగుతుంది, చేతిలో కట్టి తిప్పితేనే ఏది దేనికి అడ్డొస్తుందో తెలుస్తుంది.

తరువాత గర్‌వాక్ గీయించండి, అంటే విమానానికి కాళ్లూ చేతులూ మాత్రం బయటికొచ్చిన మధ్య రూపం. అందులో ముక్కు, రెక్కలు, తోక ఎక్కడివక్కడే ఉంటాయి. ఇంజిన్ల గొట్టాలే కిందకి దిగి కాళ్లవుతాయి, వెనక మంట వచ్చే నాజిల్ రెండుగా విడిపోయి పాదమవుతుంది. పొట్ట కింద రెండు ఇంజిన్ల మధ్య మడిచిపెట్టిన చేతులు పక్కలకి వస్తాయి. పాప ఈ మూడు కదలికలు విడివిడిగా మూడు కాగితాల మీద గీయగలిగిందంటే మిగిలింది ముక్కు కిందకి వంగి ఛాతీ కావడం, వీపు మీది తోక ముడుచుకోవడం, రెక్కలు పూర్తిగా వెనక్కి పోవడం, కాక్‌పిట్ మీదికి కవచం జారడం, తల పొట్ట కింద నుంచి పైకి రావడం. అక్కడిదాకా వచ్చాక డిజైన్ డ్రాయింగుల పుస్తకం కొనివ్వండి, మాస్టర్ ఫైల్ ఇప్పుడే వద్దు. గీసినవి మాకు పంపితే వచ్చే సంచికలో వేస్తాం, వెనక పేరు, వయసు రాయడం మర్చిపోవద్దు.